కంట్రోల్ సిస్టమ్స్ ఆపా

మా పై పోర్షన్‌లో ఉండే, ఉర్దూలో అక్కా అన్నట్టు మేమంతా ఆపా అని పిలిచే ఆవిడ మొన్న శుక్రవారం పొద్దున పోయారు. ఛాతీలో దడగా ఉందని కూతురితో అన్నారట. "పాత భయమే, జర కూర్చుంటే పోతది" అని కుర్చీలో కూర్చున్నారట. కూతురు చాయ్ తెచ్చేసరికి ప్రాణం లేదు.

అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. భయం వస్తే కాసేపు ఊరికే కూర్చోమని నాకు నేర్పింది ఆవిడే.

ఆపా ఇంజనీరింగ్ కాలేజీలో కంట్రోల్ సిస్టమ్స్ చెప్పి రిటైరయ్యారు. యంత్రం తన వేడినీ వేగాన్నీ తానే చూసుకుంటూ ఎలా సర్దుకుంటుందో చెప్పే సబ్జెక్టు అది. భర్త రోడ్డు ప్రమాదంలో పోయాక ఆవిడ చాలాకాలం గడప దాటలేకపోయారు. బయటికి అడుగు పెడితే చెమటలు, దడ, ఇప్పుడే చచ్చిపోతానన్న భయం. మందులు వాడుతూనే, తన జబ్బును తన సబ్జెక్టుతో అర్థం చేసుకున్నారు.

నేను కాకినాడ నుంచి ఉద్యోగానికొచ్చి మధురానగర్‌లో ఆ ఇంట్లో దిగిన కొన్నాళ్లకే నాకూ అదే మొదలైంది. ఆఫీసుకు బయల్దేరి మెట్ల మీదే కూలబడ్డాను. మణికట్టు పట్టుకుని నాడి చూసుకుంటుంటే, ఆపా పక్కన కూర్చుని నా వేళ్లు విడదీశారు.

"చూసినకొద్దీ పెరుగుతది బేటా. ఫంక్షన్ హాల్ల మైకు కూత పెట్టుడు విన్నవా? స్పీకర్ సప్పుడు మళ్ల మైకులకే పోయి ఇంకింత పెద్దగయితది. నీ భయం సుత గంతే. దడను చూసి భయపడుతున్నవ్, భయానికి దడ పెరుగుతది."

"మరి ఏం చెయ్యాలి ఆపా?"

"ముందుగాల డాక్టర్‌కు చూపెడదాం. గుండె మంచిగున్నదంటే, అప్పుడు మైకును జర దూరం జరుపుదాం. అంటే నాడి చూసుడు బంద్ చేసి ఊకె కూసునుడు."

ఆవిడే తీసుకెళ్లారు. డాక్టర్ నా గుండె బాగానే ఉందన్నారు. ఆ తర్వాత ఇద్దరం మెట్రో ఎక్కాం, అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు, ఒక్క స్టేషనే. రైలు కదిలాక చూస్తే ఆపా రెండు చేతులతో కడ్డీని వాటేసుకుని కళ్లు గట్టిగా మూసుకున్నారు.

"ఏంటి ఆపా, మీకూ భయమేనా?"

"మస్తు భయం. ఉండనీ. భయాన్ని సున్నా చేస్తనని పట్టుబడితేనే అది ఇంకింత ఎగురుతది."

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వుతో నేను మళ్లీ ఉద్యోగానికి వెళ్లగలిగాను. ముందు డాక్టర్‌కు చూపించాలని నాకు చెప్పిన మాటను ఆవిడ తన విషయంలో ఎందుకు మర్చిపోయారో నాకు అంతుపట్టడం లేదు. అన్నేళ్లు వచ్చి పోయిన దడే కదా, ఇదీ అదేననుకుని ఉంటారు.

మూడోనాటి జియారత్ ప్రార్థనలు అయిన మర్నాడు ఆపా కూతురు నా తలుపు తట్టింది. ముఖం పాలిపోయి ఉంది. "అక్కా, నాకు సుత గట్లనే అయితుంది."

మైకు సంగతి నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. "చెప్పులేసుకో, డాక్టర్ దగ్గరికి పోదాం" అన్నాను. పంజాగుట్టలో ఈసీజీ తీశారు. భయపడాల్సిందేమీ లేదన్నారు.

బయటికొచ్చాక మెట్రో పిల్లర్ పక్కన ఆ అమ్మాయి ఆగిపోయింది. "అమ్మీని సుత ఇట్ల తీసుకొస్తే బతుకుతుండెనా, అక్కా?"

ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. అంతమందిలో గొంతెత్తి ఏడ్చింది. పక్కనున్న చెరుకురసం బండి అతను మిషన్ ఆపేశాడు. గ్లాసుల కోసం నిలబడ్డవాళ్లు పక్కకు జరిగి మాకు చోటిచ్చారు.