పూలజడలో పచ్చరాయి

చల్లపల్లిలో నన్ను చూస్తే ఇప్పటికీ కొందరు ఆడవాళ్లు జడ తడుముకుంటారు. ఆ అప్రతిష్ఠ ఒక్క పూటలో, నిండు ఫంక్షన్ హాలులో, నా నోటివల్లే వచ్చింది. చెబుతాను, నవ్వేవాళ్లు కాస్త మెల్లగా నవ్వండి.

మా ఆడపడుచు రమణ కూతురు లాస్యకు ఓణీల ఫంక్షన్. జడకు గుడివాడ నుంచి పార్లర్ అమ్మాయిని పిలుద్దామని రమణ తోటికోడలు సుశీల పట్టుబట్టింది. "మా వదిన చేతి పూలజడ ముందు పార్లరెంత" అని రమణ నన్ను నిలబెట్టింది. అంటే జడ తేడా వస్తే పోయేది నా పరువొక్కటే కాదు, రమణది కూడా.

తెల్లవారుజామునే మా పెరటి గులాబీలు కోసి, మల్లెమొగ్గల మధ్య కుట్టి, పిల్లకు బిగించాను. జడ కాదది, ఊరేగింపుకు బయల్దేరిన రథం.

లాస్య కుర్చీలో కూర్చోగానే సుశీల వెనక నుంచి వంగి చూసింది.

"వదినగారూ, పై గులాబీలో ఆ పచ్చరాయి ఎక్కడిదండీ? భలే మెరుస్తోంది."

నేను ఏ రాయీ పెట్టలేదు. తొంగి చూస్తే నిజంగానే ఉంది, చింతగింజంత, నెమలికంఠంలా నిగనిగలాడుతూ. ఇంకొకరైతే "ఏమోనండీ" అనేవారు. సుశీల మొదటిసారి మెచ్చుకుంటుంటే నా నోరు ఊరుకుంటుందా?

"బందరులో చేయించానండీ. రోల్డుగోల్డు పనివాడు మనకు బాగా తెలుసు."

బందరు పేరు చెబితే మా వైపు ఎలాంటి మెరుపునైనా నమ్మేస్తారు.

"గట్టిగా అతికించాడా?"

"కదిలే ప్రసక్తే లేదండీ."

చుట్టాలు మూగారు. "మా అమ్మాయికీ ఒకటి చేయించిపెట్టు వదినా." "నాకైతే జత కావాలి." అందరికీ తలూపాను. ఫొటోగ్రాఫరు లైటు దగ్గరకు జరిపాడు.

"అత్తా, మెడ మీద ఏదో గీరుతోంది" అంది లాస్య.

"కొత్త నగ అలాగే ఉంటుందమ్మా, ఓర్చుకో."

"వదినగారూ" అంది సుశీల నెమ్మదిగా, "మీ రాయి నడుస్తోంది."

రాయికి కాళ్లున్నాయి. గులాబీ రేకులు మేసి మేసి లోపలే కునుకు తీసిన పచ్చ పెంకుపురుగు, లైటు వేడికి లేచింది. రెక్కలు విప్పి, జుయ్యిమంటూ వెళ్లి సుశీల కొప్పులో దిగింది. ఆవిడ హాలంతా ప్రదక్షిణ చేసింది. అక్షింతలు పిల్ల మీద తప్ప అందరి మీదా పడ్డాయి. అందరూ నావైపు తిరిగారు. నేను నేలలోకి దిగే దారి వెతుకుతున్నాను.

రమణ మాత్రం కొంగు సర్దుకుని తాపీగా అంది: "మా వదిన నగ చేయిస్తే అంతే సుశీలా, ఎవరికి నప్పుతుందో వాళ్లని వెతుక్కుంటూ వెళ్తుంది."

హాలు నవ్వులతో అదిరింది. ఆ నవ్వుల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట నేను పెట్టనిది ఏది మెరిసినా, వేలితో తట్టి, కాళ్లు లేవని తేల్చుకున్నాకే నేనే పెట్టానని చెబుతాను.