నా తరగతిలో ఉమగారి మాదిరి పాఠం

2024 జూన్‌లో బడులు తెరిచేనాటికి నేను పలాసకు తూర్పున, సముద్రపు గాలి తగిలే ఒక ఉద్దానం ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం స్కూల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. రిటైర్మెంటు ఇంకో ఏడాదిలో ఉంది. కాశీబుగ్గలో ఇల్లు, రోజూ స్కూటరు మీద రాకపోకలు. పదో తరగతి ‘ఎ’ సెక్షను నాది. ‘బి’ సెక్షనూ, కింది తరగతులూ ఉమగారివి. ఆవిడ రాజాం వైపు నుంచి బదిలీ మీద వచ్చిన టీచరు, వయసులో మా అమ్మాయికంటే చిన్న.

నాకు బొమ్మల మాస్టారని పేరు. రంగు సుద్దలతో నల్లబల్ల మీద గుండె వేస్తుంటే పక్క తరగతి పిల్లలు కిటికీ దగ్గర మూగేవారు. ఆ పేరంటే నాకు మహా ముచ్చట. ఇలా ఉండగా తరగతి గదుల్లో ప్యానెళ్లు బిగించారు. ప్యానెల్ అంటే గోడకు తగిలించిన పెద్ద టీవీ లాంటిది. దాని మీద వీడియో వేయొచ్చు, కావలసిన చోట ఆపి, ఆగిన బొమ్మ మీదే పెన్నుతో గీయొచ్చు. టెక్కలిలో శిక్షణ ఇచ్చారు. నేను వెనక వరసలో కూర్చుని, హాజరు సంతకం పెట్టి, దాన్ని తాకకుండానే తిరిగొచ్చాను. పదిమందిలో తప్పు నొక్కితే పరువు పోతుందని భయం. నా గదిలోని ప్యానెల్‌కు కప్పిన గుడ్డ తీసేవాణ్ణి కాదు. ఎవరైనా అడిగితే దుమ్ము పడుతుందని చెప్పేవాణ్ణి.

ఉమగారి గదిలో అది ఎప్పుడూ వెలుగుతూనే ఉండేది. భోజనాల గంటలో నా ‘ఎ’ సెక్షను పిల్లలు పోయి ఆ గుమ్మం దగ్గర నిలబడేవారు. చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆవిడ ఎదురుపడి నమస్కారం పెట్టినా మండేది. ఆవిడ తప్పేమీ లేదని తెలిసి మరింత మండేది.

ఆగస్టులో స్కూల్ కాంప్లెక్స్ సమావేశం మా బడిలో పెట్టారు. చుట్టుపక్కల బడుల్లో ఒకే సబ్జెక్టు చెప్పేవాళ్లంతా ఒకచోట చేరి, ఒకరు మాదిరి పాఠం చెబుతుంటే మిగతావాళ్లు వెనక కూర్చుని చూసే సమావేశం అది. నేనున్న కాంప్లెక్సులో జీవశాస్త్రం మాదిరి పాఠం నాదే, ఏళ్ల తరబడి. ఈసారి హెడ్మాస్టరు నన్ను పిలిచి, “ఉమగారికిద్దాం మాస్టారూ, ప్యానెల్ మీద చెప్తారు. మీకూ శ్రమ తప్పుతాది” అన్నారు. శ్రమ! పైగా తరగతి నా ‘ఎ’ సెక్షను. పాఠం విసర్జన, అంటే మూత్రపిండాల పాఠం. వారం కిందటే నేను చెప్పేశాను. బయటివాళ్ల ముందు పిల్లలు తడబడకుండా ఉండాలని మాదిరి పాఠానికి ముందే చెప్పిన పాఠాన్ని ఎంచుకోవడం మావాళ్లకు అలవాటు. మంచిది సార్ అని వచ్చేశాను. ఆ సాయంత్రం ఇంట్లో అన్నం సహించలేదు.

ఉద్దానంలో ఆ పాఠం చెప్పడం మిగతా చోట్ల చెప్పినట్టు కాదు. ప్రతి తరగతిలోనూ కిడ్నీ జబ్బున్న ఇళ్ల పిల్లలుంటారు. అందుకని నెఫ్రాన్ బొమ్మ తీరిగ్గా వేసి, డయాలసిస్ దగ్గరకు రాగానే “పరీక్షకు ఇది ముఖ్యం, చదువుకోండి” అని ముందుకు పోయేవాణ్ణి. నేనెరిగిన టీచర్లంతా అంతే. ఆ మాట ముందురోజు ఉమగారికి చెప్పాను. ధనలక్ష్మి అనే పిల్ల తండ్రి డయాలసిస్ మీద ఉన్నాడు, సముద్రంలో చేపల వేట మానేసి ఇంటిపట్టునే ఉంటున్నాడు, ఆ భాగం ముట్టుకోవద్దు అన్నాను. పిల్ల మీద జాలి సగం, ఆవిడ బెదిరి పాఠం వదులుకుంటుందేమో అన్న ఆశ సగం. ఆవిడ, “ఆ పిల్లకే కదా సార్ అది ఎక్కువ కావలసింది” అంది.

మర్నాడు బయటి టీచర్లతో పాటు చివరి బెంచీ మీద కూర్చుని, కరెంటు పోవాలని మనసులో మొక్కుకున్నాను. ఆ రోజే అది బుద్ధిగా ఉంది. ప్యానెల్ మీద రోగి చేతి నుంచి రక్తం గొట్టం గుండా యంత్రంలోకి పోతోంది. ధనలక్ష్మి లేచి నిలబడింది. ఏడుస్తూ బయటకు పోతుంది, పాఠం చెడింది అనుకున్నాను. నిజం చెప్పాలంటే సంతోషమే వేసింది.

ఆ పిల్ల ప్యానెల్ దగ్గరకు నడిచింది. “మేడమ్, కాసేపు ఆపండి. మా నాన్న సెయ్యి మీద ఇక్కడ ఉబ్బుంటాది. ముట్టుకుంటే జుయ్యిమంటాది. అదేటి మేడమ్?”

ఉమగారు బొమ్మ ఆపి, నాకు తెలీదమ్మా అంది. అంతమంది ముందు అలా అనగలిగినందుకు కూడా నాకు అసూయే కలిగింది. తర్వాత నా వైపు తిరిగి, “సార్, మీరు చెప్తారా?” అని పెన్ను చాపింది.

జవాబు నాకు తెలుసు, అదీ పుస్తకాల నుంచి కాదు. మా అన్నయ్య చేతి మీద చూశాను. అతను ఆ జబ్బుతోనే పోయాడు. లేచి వెళ్లాను. తెర మీద ఆగి ఉన్న చేతి బొమ్మ మీద ధమనిని, సిరను గీసి, రెండింటినీ కలపబోయాను. నల్లబల్ల మీద అలవాటు కొద్దీ అరచెయ్యి ఆనించాను. ప్యానెల్‌కు అరచెయ్యి తగిలితే డస్టరు పెట్టినట్టే లెక్కట. గీసిందంతా చెరిగిపోయింది. వెనక ఎవరో నవ్వారు. ఉమగారు మెల్లగా, “చెయ్యి ఆనించకండి సార్” అంది. చెయ్యెత్తి పట్టుకుని మళ్లీ గీశాను. గీతలు వంకరపోయాయి. నా సర్వీసులో అంత వికారమైన బొమ్మ వేయలేదు. మణికట్టు దగ్గర ధమనిని సిరతో కలిపి కుడతారని, రక్తం జోరుగా వచ్చి సిర ఉబ్బుతుందని, లావు సూది గుచ్చడానికి అలా చేస్తారని, జుయ్యిమనడం రక్తం జోరేనని చెప్పాను. “అయితే జుయ్యిమన్నంతసేపూ బాగున్నట్టే కదా మాస్టారూ?” అంది ధనలక్ష్మి. అవునన్నాను. ఆ తర్వాత తరగతిలో చేతులు లేస్తూనే ఉన్నాయి. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

వారం కిందట ఇదే పాఠానికి నాకు ఒక్క ప్రశ్న రాలేదు. అది మింగుడుపడలేదు. సాయంత్రం ధనలక్ష్మిని వరండాలో ఆపి, నన్నెందుకు అడగలేదని నిలదీశాను. కాస్త గట్టిగానే అడిగానేమో, పిల్ల తలొంచుకుంది.

“మా నాన్న, మీ అన్నయ్యగారు పలాస ఆసుపత్రిలో పక్కపక్క మంచాలే మాస్టారూ. ఆ పేజీ వచ్చీసరికి మీరు గబగబా ఎల్లిపోతారు. మీకు గుర్తొత్తాదని అడగలేదు.”

మరుసటి సమావేశంలోనూ మాదిరి పాఠం ఉమగారికే ఇచ్చారు. మళ్లీ ఒళ్లు మండింది. రిటైరయ్యేదాకా ఆ మంట పూర్తిగా చల్లారలేదు. అయినా ప్యానెల్ వాడడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. నాకు తెలిసివచ్చింది ఒకటే. తరగతిలో ప్రశ్న రాకపోతే పిల్లలకు అర్థమైందనీ కాదు, వాళ్లకు బాధనీ కాదు. మాస్టారికి కష్టమని కూడా వాళ్లు ఊరుకుంటారు.