ట్రక్ దీవుల్లో నాన్న

అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో మా వంటింట్లో ఎండుకొబ్బరి వేగుతుంటే నాకు ఇప్పటికీ నాన్న సూట్‌కేసు గుర్తొస్తుంది. డెబ్భైల చివర్లో నేనూ అమ్మా ఇక్కడే అమెరికాలో, అరోరా అనే ఊళ్లో ఉండేవాళ్లం. డాక్టరైన నాన్న, అప్పట్లో అమెరికా పాలనలో ఉన్న పసిఫిక్ దీవుల్లో, ట్రక్ అనేచోట ఆసుపత్రిలో పనిచేసేవారు. చలికాలం సెలవుకొచ్చి పెట్టె తెరవగానే కొబ్బరినూనె, ఉప్పుగాలి, తడిచాపల వాసన కలిసి ఇల్లంతా కమ్ముకునేది. చుట్టూ చేతిగాజులా గుండ్రంగా పగడపు దిబ్బ, లోపల చెరువులా నిలకడైన నీలం నీళ్లు, ఆ నీళ్లలోంచి లేచిన పచ్చటి కొండలే ఊళ్లు, జ్వరం చూడ్డానికి వెళ్లాలన్నా పడవే, భోజనానికి సీమపనస ఉడికించి దంచిన ముద్ద: ఆయన చెబుతుంటే కిటికీ బయటి మంచు మరిచిపోయేదాన్ని.

స్కూల్లో "మా నాన్న ట్రక్‌లో ఉంటారు" అంటే లారీ అనుకుని అందరూ నవ్వారు. మ్యాప్‌లో చూపిద్దామంటే అక్కడ ఒట్టి నీలం. ఏడుస్తూ ఇంటికొస్తే, అమ్మ గ్లోబు తిప్పి, తన నుదుటి స్టిక్కర్ తీసి సముద్రం మధ్యలో అంటించింది.

"ఇదిగో, నాన్న ఇక్కడున్నారు."

"అక్కడ వాటరే ఉంది కదమ్మా?"

"ఊళ్లున్నాయే. మరీ చిన్నవని గీసినవాళ్లు వదిలేశారు."

మాకు శనివారం సాయంత్రమైతే ఆయనకు ఆదివారం పొద్దున. ఆ వేళకే ఫోన్ చేసేవారు. ఒక శనివారం ఫోన్ రాలేదు. దీవుల్లో పెద్ద తుఫానట, లైన్లు తెగిపోయాయట. అమ్మ ఎప్పటిలాగే వండింది, నాకు జడ వేసింది. తను మాత్రం పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయి, అది తెలియకుండానే తినేసింది. వారం గడిచాక ఫోన్ మోగింది.

"అమ్మలూ, బాగానే ఉన్నాన్రా. ఇల్లు పోయింది. ఊరంతా ఆసుపత్రిలోనే ఉన్నాం."

అమ్మ ఫోన్ లాక్కుంది. "చేసింది చాలు, వచ్చెయ్యండి."

మాట సముద్రం దాటి వెళ్లడానికి కాస్త సమయం పట్టేది.

"దెబ్బలు తగిలినవాళ్లు ఇంకా ఉన్నారు. వదిలేసి ఎలా రాను చెప్పు?"

అమ్మ ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుని అడిగింది: "అన్నం తిన్నారా?"

మరుసటేడు నాన్న వచ్చేశారు, మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు ఆ దీవుల మీద అమెరికా పాలన లేదు. పేరూ ట్రక్ కాదు, చూక్. ఫోన్‌లో మ్యాప్ పెద్దది చేస్తే కొండలు, రేవు, చెట్ల మధ్య ఇళ్లు అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. ఆయన ఎక్కడ ఉండేవారో చూపించడానికి నాన్న లేరు, అమ్మా లేదు.