ఆట పుస్తకం చదివిన భువనక్క

మొన్న మా అబ్బాయి పుట్టినరోజుకి తిరువళ్ళూరు బజారులో వీడియో గేము ఒకటి కొన్నాను. ఇంటికొచ్చి డబ్బా తెరిస్తే కొత్త ప్లాస్టిక్ వాసన, అగ్గిపెట్టెంత కాగితం ముక్క. ముక్క మీద అంకెలు. వాటిని తెర మీద నొక్కితే ఆట ఎక్కడినుంచో దిగుతుందట. డబ్బాను బోర్లించి దులిపాను. ఏమీ రాలలేదు. "ఏం ఎతుకుతుండావు మా?" అన్నాడు మావాడు. పుస్తకం కోసమని చెప్పలేదు. ఆటకు పుస్తకమేమిటని అడిగితే భువనక్క దగ్గరినుంచి మొదలుపెట్టాలి; వాడికి అంత తీరిక లేదు. మీకు ఉందనుకుంటాను.

భువనక్కది తిరుత్తణిలో మా పక్కిల్లు. మావి నేతపని ఇళ్లు. ఆ ఇళ్లలో ఒక ఏర్పాటు ఉంది. ఎవరు చేశారో తెలియదు గాని మగవాళ్లే అయ్యుంటారు. మగ్గం మీద కూర్చునేది మగవాడు. రాట్నం దగ్గర నేల మీద కూర్చుని, మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలోకి కావలసిన నూలును కండెలుగా చుట్టి అందించేది ఆడవాళ్లు. చీర పూర్తయ్యాక ఎవరు నేశారని అడుగుతారు. ఎవరు చుట్టారని అడగగా నేను వినలేదు. భువనక్క రోజూ రైల్లో తిరువళ్ళూరు వెళ్లి కాలేజీలో ఇంగ్లీషు చదివేది, సాయంత్రం వచ్చి కండెలు చుట్టేది. నేను బడినుంచి రాగానే, నూలు చిక్కు తీయడం నేర్చుకునే మిషతో ఆమె పక్కన చేరేదాన్ని.

ఆవడిలో ఫ్యాక్టరీ పని చేసే భువనక్క వాళ్ల మామ, తన పాత కంప్యూటరును ఆమె తమ్ముడు శేఖర్‌కి ఇచ్చాడు. దాంతోపాటు రాజ్యాలు కట్టే ఆట ఒకటి. ఆ డబ్బా ఇటుకంత బరువు, బరువంతా పుస్తకానిదే. శేఖర్ పుస్తకాన్ని పక్కన పడేసి ఆట పెట్టాడు. అది తెరుచుకోలేదు. ఫలానా పేజీలో ఫలానా వరుసలో ఉన్న మాటేమిటో చెప్పమంది. దొంగ కాపీలతో ఆడేవాళ్లను ఆపడానికి ఆ రోజుల్లో అదొక కాపలా.

"కా, ఆ బుక్కులో ఏదో మాటంట. సూసి చెప్పు," అన్నాడు శేఖర్ అక్కతో.

భువనక్క రాట్నం ఆపి, పుస్తకం ఒళ్లో పెట్టుకుని మాట చెప్పింది. ఆట తెరుచుకుంది. పుస్తకం మాత్రం ఆమె మూయలేదు. ఆ రోజునుంచి ఆమె రెండు చేతులూ కండెల మీద, కళ్లు పుస్తకం మీద. పేజీలు తిప్పే ఉద్యోగం నాది.

తెర మీద చీమంత కనిపించే సిపాయికి పుస్తకంలో ఊరూ, తిండీ, అలకా ఉండేవి. "ఇది ఇను మే," అనేది నాతో. "గోదుమలు అయిపోతే సిపాయిలు చెప్పకుండా ఎళ్లిపోతారంట. మా నాయన మాదిరి కూకోని అరవరు." తర్వాత గొంతు పెంచి, "శేఖరా, ఫస్టు కోట గట్టొద్దురా. కాలవ తవ్వు." శేఖర్ తవ్వేవాడు. గెలిచేవాడు. చుట్టూ చేరిన వీధి కుర్రాళ్లు అతని వీపు తట్టేవారు. ఏ వస్తువునైనా చదవకుండా ముట్టుకుంటే మనం దాన్ని ఆడించం, అదే మనల్ని ఆడిస్తుందని భువనక్క నాకు చెప్పింది. నేను ఇంగ్లీషు నేర్చుకున్నది బడిలో కాదు, ఆ రాట్నం పక్కన. అందుకే నా ఇంగ్లీషులో చాలాకాలం గుర్రాలూ, కందకాలూ ఎక్కువగా ఉండేవి.

ఆమె కోరిక చాలా చిన్నది. ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చుని, తాను చదివిన రాజ్యాన్ని తానే కట్టాలి. ఒక ఆదివారం ఆట ఎప్పటిలాగే మాట అడిగింది. భువనక్క పుస్తకం చూసి, లేచి కుర్చీ దగ్గరికొచ్చింది. మాట చెప్పలేదు.

"ఏం కా, కనపల్లేదా?"

"కనపడింది. ఈ పొద్దు నేను కూకుంటా. లెయ్."

"నీకు మౌసు పట్టనే రాదు కదా కా."

"నీకు చదవను వచ్చునా? ఆడతానే ఉండావు గదా?"

కుర్రాళ్లు నవ్వారు. శేఖర్ సగం లేచాడు కూడా. అప్పుడే మగ్గం చప్పుడు ఆగింది. నేతగాడి ఇంట్లో మగ్గం ఆగితే తప్పు ఎవరిదో అందరికీ ముందే తెలుసు.

"భువనా," అన్నాడు వాళ్ల నాయన మగ్గం గుంటలోంచి. "కండె అయిపాయె. ఆడ ఏం జేస్తా ఉండావు?"

"ఇదో నాయనా," అంది. రాట్నం వైపు నడుస్తూ, వెనక్కి తిరగకుండానే, ఆ మాట చెప్పేసింది. శేఖర్ మళ్లీ కూర్చున్నాడు.

"ఎందుక్కా చెప్తివి?" అన్నాను.

"మగ్గమూ నిలిచి, ఆటా నిలిస్తే ఇంట్లో ఇంకేం జరగాల మే?" అంది, నూలు కొస వెతుక్కుంటూ.

కొన్నాళ్లకు శేఖర్ స్నేహితుడు ఏ మాటా అడగని కాపీ తెచ్చాడు. సాయంత్రం భువనక్క అలవాటు ప్రకారం పుస్తకం ఒళ్లోకి తీసుకుంది. "బుక్కు వేండాం కా. ఇంక అదేం అడగదు," అన్నాడు శేఖర్, మంచి వార్త చెబుతున్నట్టు. మంచి వార్తేనని అతను నిజంగా అనుకున్నాడు. ఆమె "సరి" అంది. పుస్తకం నా చేతిలో పెట్టింది. "పెట్టుకో మే. నాకు పని ఉండాది." పని ఎప్పుడూ ఉండేదే.

శేఖర్ ఇప్పుడు ఆవడిలో ఉంటాడు. జుట్టు తగ్గింది, జ్ఞాపకాలు పెరిగాయి. వాట్సాప్‌లో పాత ఆట డబ్బాల ఫొటోలు పెట్టి, "ఆ లావు పుస్తకాలు, ఆ కాగితం వాసన, ఆ రోజులే వేరు" అని రాస్తాడు. ఆ వాసన అతనికెలా తెలుసో నేను అడగలేదు. కుర్చీ దాకా గాలి వీచి ఉంటుంది.

నిన్న మావాడినీ, వాడి గేమునూ వెంటబెట్టుకుని తిరుత్తణి వెళ్లాను. భువనక్క ఇంట్లో రాట్నం తీసేసి చాలా కాలమైంది. పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్ చెబుతుంది. ఆటను టీవీకి తగిలించి, కుర్చీ ముందుకు లాగి, కంట్రోలర్ అందించాను. "ఆడు కా. ఎవురూ లెయ్యమనరు."

ఆమె చెయ్యి చాపింది. నేనిస్తున్నదాన్ని చూసి, అందుకోకుండా, చాపిన చెయ్యి అలాగే ఉంచింది.

"పుస్తకం యాడ?"

"ఇప్పుడు పుస్తకాలు ఇయ్యరు కా. ఆటే నేర్పిస్తాది."

"అట్లనా," అంది చెయ్యి వెనక్కి తీసుకుంటూ. "అప్పుడు పిల్లోణ్నే ఆడమను. నేను సూస్తా." అని, కుర్చీ వాడికి వదిలి నేల మీద కూర్చుంది.

నేను చెన్నైలో ఒక ఆఫీసులో పని చేస్తాను. ఎవరైనా వచ్చి "కాస్త చదివి చెప్పండి, మీటింగులో నేను మాట్లాడతాను" అంటే, మీటింగుకి నేనే వస్తానంటాను. ముందు కూర్చుంటాను, తర్వాతే మాట చెబుతాను. దీనివల్ల నాకు పొగరని పేరు. ఆ పేరు నిజానికి భువనక్కకు రావలసింది. కండె అయిపోవడం వల్ల రాలేదు. పుస్తకం నా బీరువాలో ఉంది, పేజీల మధ్య ఇంకా ఎర్ర నూలు పోగులు. కోట ఎక్కడ కట్టాలో, కాలవ ఎటు తవ్వాలో, సిపాయి ఎందుకు అలుగుతాడో అన్నీ రాశారు. కుర్చీలోకి ఎలా చేరాలో మాత్రం రాయలేదు. నేను మొదటినుంచి చివరిదాకా చదివాను.