గుమ్మం మీద రాజముద్ర, నోటికి తాళం

ఆకెండెన్ గారి నోటినుంచి కబురు రాబట్టడం ఎవరివల్లా కాలేదు. కబురంటే పెద్ద రహస్యమేమీ కాదు. బయట వాన పడుతోందా అని అడిగినా సరే, తలుపు వైపు ఒకసారీ, అడిగినవాడి వైపు ఒకసారీ చూసి, "మీరే వెళ్ళి చూసుకుంటే బావుంటుంది" అనేవారు. అప్పుడే వీధిలోంచి వచ్చిన ఆయన గొడుగు మూలన నిలబడి మడుగు కడుతూ ఉండేది.

లండన్‌లో సెయింట్ జేమ్స్ పక్క సందులో ఆయనకు బ్రష్షుల దుకాణం ఉండేది. తల దువ్వుకునేవి, కోట్లు దులుపుకునేవి, బూట్లు మెరిపించేవి, అన్నీ చేత్తో కట్టినవే. గుమ్మం పైన రాజముద్ర. ఒకపక్క సింహం, ఒకపక్క ఒంటికొమ్ము గుర్రం, కింద 'రాజభవనమునకు బ్రష్షులు సరఫరా చేయువారు' అని బంగారు అక్షరాలు. ఐదేళ్ళకోసారి వాటికి రంగులు దిద్దేది నేనే. నా పేరు నెడ్ ట్రాంటర్, బోర్డులు రాసుకుని బతికేవాణ్ణి. నిచ్చెన మీద ఉన్నవాణ్ణి జనం మనిషిగా లెక్కపెట్టరు కాబట్టి కింద మాటలన్నీ చక్కగా వినబడతాయి. అలా ఆయన నాకు ఇరవై రెండేళ్ళు తెలుసు.

ఆ ముద్ర ఉన్న దుకాణదారులకు ఒక కట్టుబాటు ఉంది. ప్యాలెస్సు వాళ్ళు ఏం కొన్నారో, ఎవరికోసం కొన్నారో బయట అనకూడదు. మా పేటలో టోపీలాయనా, జున్ను కొట్టాయనా కూడా దానికి లోబడ్డవాళ్ళే. కాని రెండు గ్లాసుల బీరు పడ్డాక వాళ్ళు కాస్త కన్ను గీటేవారు. ఆకెండెన్ గారు మాత్రం ఆ కట్టుబాటును తీసుకెళ్ళి సమస్త ప్రపంచానికీ వర్తింపజేశారు.

ఒకసారి ఒక అమెరికా ఆవిడ దుకాణంలోకి వచ్చింది.

"ప్యాలెస్సులో ఏ బ్రష్షు వాడతారండీ? నాకూ అదే ఇవ్వండి."

"ఏ ప్యాలెస్సమ్మా?"

"అదేమిటండీ, మీ గుమ్మం మీద రాసి ఉందిగా."

ఆయన బయటికొచ్చి తలెత్తి చూశారు. ఎవరో రాత్రికి రాత్రి తగిలించి పోయినట్టు ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివారు.

"రాసే ఉంది" అని ఒప్పుకుని లోపలికి వెళ్ళిపోయారు. నిచ్చెన మీద నేను నవ్వాపుకోలేక పడబోయి సింహం తోక పట్టుకున్నాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఇదే వరస. ఎక్కడ నొప్పి అని అడిగితే, "అది నేను చెప్పడం మర్యాదగా ఉండదండీ" అన్నారట. పాపం ఆ డాక్టరు తల నుంచి మొదలుపెట్టి ఒళ్ళంతా నొక్కుకుంటూ వచ్చి, మనిషి ఎగిరిపడ్డ చోట మందు రాసి పంపించాడు. ఇక పెళ్ళి సంగతి ఆయన భార్య మేబెల్ గారే చెప్పేవారు. చర్చిలో పాదిరీగారు ఈమెను భార్యగా స్వీకరిస్తావా అని అడిగితే, పెళ్ళికొడుకు వెనక్కి తిరిగి బల్లల మీది జనాన్ని చూసి, "ఇంతమందిలోనా?" అన్నాడట.

"మరి ఏమన్నారమ్మా చివరికి?" అని అడిగాను.

"పాదిరీగారి చెవిలో చెప్పాడు. ఆయన ఒప్పుకున్నాడని పాదిరీగారి మాట మీద నమ్మకమే, నెడ్. నేనైతే వినలేదు."

దుకాణం వెనకగదిలో ముగ్గురు బ్రష్షులు కట్టేవారు. పెద్దావిడ హెస్టర్ ప్రౌట్‌కి డెబ్భై ఒకటి. ఆకెండెన్ గారి తండ్రి హయాం నుంచీ ఉంది. ఆకెండెన్ గారికి పదహారేళ్ళప్పుడు పని నేర్పింది ఆవిడే కాబట్టి ఆయన్ని కత్‌బర్ట్ అని పేరుపెట్టి, నువ్వు అని పిలిచే హక్కు ఆవిడకు ఉండేది. రెండోవాడు లయొనెల్ బ్యాగ్స్, ఒంటికన్ను మనిషి. మూడో ఆవిడ డొరతీ వీల్, భర్త పోయిన మనిషి. చెక్కకున్న ఒక్కో కన్నంలోంచి తీగ దూర్చి, పంది వెంట్రుకల కుచ్చును మడిచి లోపలికి లాగాలి. ఒక్క బ్రష్షుకు రెండువందల కన్నాలు. ఒకరు మొదలుపెట్టింది వాళ్ళే ముగించాలి తప్ప ఇంకొకరు చెయ్యిపెట్టకూడదు. అదే పని యంత్రం మీద నిమిషంలో అయిపోతున్న రోజుల్లో ఈ ముగ్గురూ ఆ చల్లటి గదిని ఎందుకు పట్టుకు వేలాడుతున్నారో నాకు చాలాకాలం అంతుపట్టలేదు.

ఒక అక్టోబరులో ప్యాలెస్సు నుంచి ఉత్తరం వచ్చింది. ఆకెండెన్ గారు నిలబడే చదివి జేబులో పెట్టుకున్నారు. తరవాత నాకు కబురు పంపారు.

"నిచ్చెన తీసుకురా, నెడ్."

"రంగులు వెయ్యడానికి ఇంకా రెండేళ్ళుందిగా."

"రంగులకు కాదు. దింపడానికి."

"దింపడమా? ఏమైందండీ?"

అడగడం నాదే బుద్ధితక్కువ. ఆయన నా వైపు చూసిన చూపుకు నేనే క్షమాపణ చెప్పుకున్నాను.

ముద్ర దిగిపోతోందన్న సంగతి వెనకగదికి చేరింది. కారణం మాత్రం చేరలేదు. ఆ సాయంత్రం నేను సామాను సర్దుకుంటుంటే హెస్టర్ నిచ్చెన దగ్గరికి వచ్చింది.

"నెడ్, ఒక మాట. ఎవరితోనూ అనకు. ప్యాలెస్సుకు వెళ్ళే బ్రష్షులు కట్టేది నేనే."

"అలాగా."

"పద్దెనిమిదేళ్ళ కిందట కత్‌బర్ట్ నా చెవిలో చెప్పాడు. ఆ ఇద్దరికీ తెలిస్తే కుళ్ళుకుంటారని నోరు మూసుకున్నాను. ఏడాదిగా నా వేళ్ళు వణుకుతున్నాయి. ముద్ర పోయింది నావల్లే. ఈ శనివారంతో మానేస్తాను."

మర్నాడు పబ్బులో లయొనెల్ నా పక్కన కూర్చున్నాడు. ఎవరితోనూ అనకు, ప్యాలెస్సు బ్రష్షులు కట్టేది నేనే అన్నాడు. ఉన్న ఒక్క కన్నూ మసకబారుతోందట. ముద్ర తనవల్లే పోయిందట. ఆ మర్నాడు డొరతీ నన్ను వీధిమలుపులో ఆపి, "ఒక మాట, నెడ్" అనగానే మిగతాదంతా నేనే చెప్పెయ్యగలిగేవాణ్ణి. నవ్వు వచ్చిన మాట నిజం. కాని ఆవిడ మొహం చూశాక నవ్వలేకపోయాను. పిల్లాడి చెయ్యి వదిలి పోగొట్టుకున్న తల్లిలా ఉంది.

తిన్నగా ఆకెండెన్ గారి దగ్గరికి వెళ్ళాను.

"ముగ్గురూ శనివారంతో మానేస్తున్నారండీ. ఎవరికి వాళ్ళు తప్పు తమదే అనుకుంటున్నారు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. జేబులోంచి ఉత్తరం తీసి నా చేతికిచ్చారు. ఆయన ఒకరికి ఒకటి చూపించడం నాకు తెలిసి అదే మొదలు. అందులో ఉన్నది ఇంతే. పదకొండేళ్ళుగా ప్యాలెస్సు ఈ దుకాణంలో కొంటున్నది పాలడబ్బాలు తోమే బ్రష్షులు మాత్రమే. ఇప్పుడు పాలశాలకు డబ్బాలు కడిగే యంత్రం వచ్చింది. సరఫరా లేనిచోట ముద్ర ఉండకూడదు. ఇంతకాలం సేవకు కృతజ్ఞతలు.

"ఈ డబ్బా బ్రష్షులు ఎవరు కడుతున్నారు?"

"నేనే. ఇంట్లో, వంటగదిలో."

"మరి ప్యాలెస్సువి కట్టేది నువ్వే అని ముగ్గురికీ ఎందుకు చెప్పారు?"

జవాబు రాదనే అనుకున్నాను. వచ్చింది.

"హెస్టర్ చెల్లెలు చనిపోయిన ఏడాది అది, నెడ్. పనిబల్ల ముందు ఊరికే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఏదో ఒకటి అనాలని అన్నాను. ఆ రోజు పొద్దుపోయేదాకా ఆవిడ తలెత్తలేదు. తరవాత లయొనెల్ కన్ను పోయి వచ్చాడు. ఆ తరవాత డొరతీ. చలికాలం ఆ గదిలో వేళ్ళు కొంకర్లు పోతాయి. కుచ్చు లాగుతున్నప్పుడు దీన్ని ఎవరో గొప్పవాళ్ళు చూస్తారని అనుకోవాలి కదా మనిషి. నేను చూస్తే చాలదు. నేనెవణ్ణి?"

"ఉత్తరంలో ఉన్నది వాళ్ళకు చెప్పెయ్యండి. తప్పు ఎవరిదీ కాదని తేలిపోతుంది."

"పదకొండేళ్ళుగా మీవి ఒక్కటీ వెళ్ళలేదని చెప్పమంటావా?"

అందరినీ ఆటపట్టించే ఈ మౌనం చూసి ఇన్నేళ్ళూ నేను నవ్వుకున్నాను. దాని చాటున ఆయన ముగ్గురు మనుషుల్ని నిలబెడుతున్నారని నాకు తట్టనే లేదు. నా మీద నాకే చిరాకేసింది.

శనివారం పొద్దున్న ఆయన వెనకగదిలోకి వచ్చి గొంతు సవరించుకున్నారు.

"ప్యాలెస్సు గురించి ఒక సంగతి చెప్పాలి."

డొరతీ చేతిలో కత్తెర జారి కిందపడింది.

"ప్యాలెస్సుకు మీ ముగ్గురి బ్రష్షులూ వెళ్ళాయి."

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. "నీవీనా?" అన్నాడు లయొనెల్. "నీవి కూడానా?" అంది డొరతీ.

"ఒక్కదానికీ వంక రాలేదు. పోయినేడు ఒకటి తక్కువైతే తొందరలో నేను కట్టి పంపాను. దాని కుచ్చులు ఊడి వచ్చాయి. ముద్ర పోయింది అందుకు. తప్పు నాది."

ముప్ఫై ఏళ్ళుగా వాన పడుతోందని కూడా చెప్పని మనిషి నోరు విప్పి చెబితే అబద్ధమని ఎవరనుకుంటారు? లయొనెల్, డొరతీ ఇద్దరూ అక్కడికక్కడే నమ్మేశారు. ఉత్తరం నా కోటు జేబులోనే ఉంది. నేను కప్పు వైపు చూస్తూ నిలబడ్డాను.

హెస్టర్ మాత్రం లేచింది.

"కత్‌బర్ట్, నువ్వు కట్టింది ఒకటి ఇలా ఇవ్వు."

ఆయన తెచ్చి ఇచ్చారు. ఆవిడ ఒక కుచ్చు పట్టుకుని లాగింది. రాలేదు. వేలికి చుట్టుకుని లాగింది. కదల్లేదు. తను నేర్పిన ముడి అది. ఆవిడ తలెత్తి ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడకు ఎంత అర్థమైందో నేను ఆ తరవాత కూడా అడగలేదు.

అప్పుడు బల్ల మీది పటకారు అందుకుని, బ్రష్షును మోకాళ్ళ మధ్య నొక్కిపెట్టి, వణికే రెండు చేతులతో బలమంతా పెట్టి ఒక్క గుంజు గుంజింది. కుచ్చు ఊడివచ్చింది. దాన్ని పైకెత్తి మిగతా ఇద్దరికీ చూపించింది.

"చూశారా, ఎలా ఊడిందో. ఇలాంటిది పంపితే ముద్ర తియ్యకేం చేస్తారు? నలభై ఏళ్ళ కిందట నేర్పిందంతా గంగలో కలిపావు కదయ్యా. సోమవారం నుంచి నా పక్కన కూర్చో, మళ్ళీ మొదటినుంచీ నేర్పుతాను."

"కింది వరస నేను చూపిస్తాలెండి" అన్నాడు లయొనెల్.

సోమవారం నేను సింహాన్నీ గుర్రాన్నీ దింపుతున్నంతసేపూ ఆకెండెన్ గారు వెనకగదిలో, ముగ్గురి మధ్యా కూర్చుని, చెయ్యని తప్పుకు బుద్ధిగా తిట్లు తింటూనే ఉన్నారు.