ఎండలో ఆరేసిన బూట్లు

దోహాలో ప్రపంచకప్ జరిగిన మరుసటి ఏడాది, వేసవి సెలవులు ముగిశాక, అల్ తుమామాలోని ఒక పిల్లల ఫుట్‌బాల్ అకాడమీలో ఫిజియోథెరపిస్టుగా చేరాను. అంతకు ముందు చాలా ఏళ్ళు ఆసుపత్రుల్లో పెద్దవాళ్ళ నడుములూ మోకాళ్ళూ చూసినదాన్ని. పదవీ విరమణకు ముందు నా చివరి ఉద్యోగం అదే.

అకాడమీలో ఫిజియో స్థానం కొంచెం చిత్రంగా ఉంటుంది. హోదాలో కోచ్ కంటే కింద. కానీ ప్రతి ప్రాక్టీసుకు ముందు ఒక్కొక్క పిల్ల గురించి మూడు మాటల్లో ఏదో ఒకటి చెప్పాల్సింది నేనే: ఆడవచ్చు, తగ్గించి ఆడవచ్చు, ఆడకూడదు. మూడో మాట అన్నానంటే ప్రధాన కోచ్ కూడా దాన్ని మార్చడానికి వీల్లేదు. మెడికల్ ఆఫీసరు ఒక్కరే మార్చగలరు. అందుకే ఆ మాటను ఆచితూచి వాడేదాన్ని.

పదమూడేళ్ళ లోపు ఆడపిల్లల జట్టులో షారన్ అనే అమ్మాయి ఉండేది. వాళ్ళది కాకినాడ. తండ్రి ప్రసాద్ ఒక నిర్మాణ కంపెనీ ఆఫీసులో పనిచేసేవాడు. మైదానం కుడి అంచు వెంట బంతి తీసుకుని పరుగెత్తడం షారన్ పని. మొదట్లో ఆ పిల్లను అందుకోవడం ఎవరి తరమూ అయ్యేది కాదు. చలికాలం వచ్చేసరికి వేగం తగ్గింది. బంతి తన వైపు వస్తున్నా రెండడుగులు వెనకబడేది.

కోచ్ నబీల్ ట్యునీషియా మనిషి. మంచివాడే కానీ ఓపిక తక్కువ. "ఆ అమ్మాయికి ఆట మీద ఆసక్తి పోయింది, సిస్టర్. ఉత్తరాన మదీనత్ అల్ షమాల్‌లో జరిగే టోర్నమెంటుకు వేరే పిల్లను చూసుకోవాలి" అన్నాడు నాతో. తండ్రికీ అదే అనుమానం ఉందట. పరీక్షలొస్తున్నాయని బద్ధకిస్తోందని ఆయన అనుకున్నాడు.

నన్ను ఆలోచనలో పడేసింది మా బస్సు డ్రైవర్ నర్సయ్య మాట. ఆయనది నిర్మల్ దగ్గర ఊరు, బిర్కత్ అల్ అవామిర్‌లో కంపెనీ క్యాంపులో ఉండేవాడు. ఒకరోజు పిల్లలను దింపి నా గదికి వచ్చాడు.

"మేడమ్, గా షారన్ బస్సు దిగినంక మడిమె కింద పెడ్తలేదు. మునివేళ్ళ మీదనే నడుస్తున్నది. ఏమైంది బిడ్డా అంటే ఏం లేదంటది. మీరొక్కసారి చూడుండ్రి."

ఆ సాయంత్రమే షారన్‌ను పిలిచాను. నొప్పి ఉందా అంటే లేదంది. బల్ల మీద పడుకోబెట్టి మడమను రెండు పక్కలనుంచీ వేళ్ళతో నొక్కాను. నోటినుంచి చప్పుడు రాలేదు గానీ, బల్ల అంచు పట్టుకున్న పిడికిలి బిగుసుకుంది. రెండో కాలూ అంతే.

ఎదిగే వయసులో మడమ ఎముక వెనక భాగం ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. పిక్క కండరం దాన్ని పైకి లాగుతూ ఉంటుంది. పరుగెత్తే పిల్లల్లో అక్కడ వాపు వస్తుంది. భయపడాల్సిన జబ్బు కాదు, విశ్రాంతితో తగ్గిపోతుంది. అయితే కాలికి సరిపడని బూట్లు వేసుకుని ఆడుతూ పోతే తగ్గదు. అందుకని ఆమె బూట్లు తెప్పించి చూశాను.

పేరున్న కంపెనీవి, ఖరీదైనవి. దుమ్ము అన్నది లేకుండా మెరుస్తున్నాయి. కానీ అడుగున బొడిపెల్లా ఉండే స్టడ్లు పొడుగ్గా, దూరదూరంగా ఉన్నాయి. అవి పచ్చిక నేలలో దిగబడడానికి చేసినవి. మా మైదానం కృత్రిమ గడ్డిది. దాని మీద అవి దిగబడవు. నేల దెబ్బంతా మడమకే తగులుతుంది. బూటు ముందు భాగాన్ని వంచి చూశాను. వేళ్ళ మొదట్లో సులువుగా వంగాల్సిన అడుగు చెక్కలా బిగుసుకుపోయి ఉంది. లోపల చెయ్యి పెడితే, మడమను పట్టి ఉంచే వెనక కప్పు ముడుచుకుపోయి అంచు కోసుకునేలా తగిలింది.

"ఇవి ఎవరు శుభ్రం చేస్తారమ్మా?" అని అడిగాను.

"డాడీ. ప్రతి ఫ్రైడే చర్చి నుంచి రాగానే వాషింగ్ మెషీన్‌లో వేస్తారు. తర్వాత బాల్కనీలో ఎండబెడతారు." నా చేతిలోని బూటు వైపు చూస్తూ, "డాడీకి చెప్పకండి ఆంటీ" అంది.

కోప్పడతాడని భయమేమో అనుకున్నాను. కాదట. "ఈ బూట్లు కొనడానికి ఎన్ని షాపులు తిరిగారో. వాటిని తుడుస్తుంటే డాడీ చాలా హ్యాపీగా ఉంటారు. ఇవి నొప్పి పెడుతున్నాయని ఎలా చెప్పను?" అంది. అప్పటికే అవి వేళ్ళ దగ్గర కూడా బిగుతయ్యాయి. అదీ చెప్పలేదు.

చెప్పకుండా ఉండే వీలు నాకు లేదు. మైనరు పిల్లను ఆట నుంచి ఆపితే తల్లిదండ్రులకు కారణం చెప్పడం నా విధి. ఆ మాటే షారన్‌తో అని, చెప్పేటప్పుడు తననూ పక్కనే ఉండమన్నాను.

నేను పిలిపిస్తే మర్నాడు ప్రసాద్ డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు. నేను ముందుగా ఏమీ వివరించలేదు. ఒక కొత్త బూటు చేతికిచ్చి వంచమన్నాను. వంగింది. తర్వాత షారన్ బూటు ఇచ్చాను. ఆయన ఒకసారి వంచబోయి, ఆగి, రెండు చేతులతో ప్రయత్నించాడు. తర్వాత లోపల వేళ్ళు పెట్టి చూసుకున్నాడు.

"మెషీన్లో వేడినీళ్ళకీ, ఇక్కడి ఎండకీ జిగురు బిగుసుకుపోతుందండి. తోలు ముడుచుకుపోతుంది" అన్నాను.

"అంటే నేనే కదండీ పాడుచేసింది" అన్నాడు చాలా మెల్లగా.

"బూట్లు పాడయ్యాయి. మడమ బాగవుతుంది. ఈ బూట్లను ఇలా కడగకూడదని మీకు ఎవరూ చెప్పి ఉండరు."

ఆయన కూతురి వైపు తిరిగాడు. "ఒక్కసారైనా చెప్పలేదేంటమ్మా?"

షారన్ తలొంచుకుంది. "నువ్వు అంత ఇష్టంగా తుడుస్తుంటే చెప్పబుద్ధి కాలేదు డాడీ."

ప్రసాద్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తర్వాత, "ఇంక ఈ ఆట వద్దులెండి. చదువుకుంటుంది" అన్నాడు. ఆ క్షణంలో ఆయనకు తోచిన ప్రాయశ్చిత్తం అదేననుకుంటాను. అంతవరకూ గుసగుసగా మాట్లాడిన పిల్ల అప్పుడు తలెత్తింది. "నన్ను మాన్పించకు డాడీ. బూట్లు మార్చు చాలు."

టోర్నమెంటుకు ఆమె పేరు ఎదురుగా 'ఆడకూడదు' అనే రాశాను. నబీల్ మెడికల్ ఆఫీసరు దగ్గరకు వెళ్ళాడు. ఆయన నా నిర్ణయాన్నే ఖాయం చేశారు. షారన్ జట్టుతో పాటు బస్సులో మదీనత్ అల్ షమాల్ వచ్చి, బెంచీ మీద కూర్చుని, నీళ్ళ సీసాలు అందించింది. మా పిల్లలు రెండో ఆటలోనే ఓడిపోయారు. తిరుగు ప్రయాణంలో నబీల్ నాతో మాట్లాడలేదు. షారన్ కిటికీ వైపు మొహం తిప్పుకుని ఏడుస్తుంటే నర్సయ్య అద్దంలో చూసి, "ఏడ్వకు బిడ్డా. కాలు మంచిగైతే నువ్వే ఉరుకుతవ్" అన్నాడు. నేను చెప్పగలిగింది కూడా అంతకు మించి లేదు.

కొన్ని వారాలకు నొప్పి తగ్గింది. పిక్కలు సాగదీసే వ్యాయామాలు మానకుండా చేసింది. కొత్త బూట్లు కొనేటప్పుడు నన్నూ రమ్మని ప్రసాద్ అడిగాడు. సాయంత్రం వెళ్దామన్నాను. రోజంతా నడిచాక పాదం కాస్త ఉబ్బుతుంది, ఆటప్పుడూ అలాగే ఉంటుంది. ఆడేటప్పుడు వేసుకునే మేజోళ్ళే తెమ్మన్నాను. రెండు పాదాలూ నిలబెట్టి కొలిపించాను. ఆమె ఎడమ పాదం కొంచెం పెద్దది, కొలత దానిదే తీసుకోవాలి. కృత్రిమ గడ్డికని చేసిన, పొట్టి స్టడ్లు ఎక్కువగా ఉండే రకం చూపించమన్నాను. బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ చాలు. ఇంకా రెండేళ్ళు వస్తాయని పెద్దవి కొంటే పాదం లోపల జారుతుంది, అదీ మడమకే చేటు.

మొదటి జత వేసుకోగానే ప్రసాద్ అలవాటుగా, "సరిపోయాయా?" అన్నాడు. షారన్ వెంటనే, "బాగున్నాయి డాడీ" అంది.

ఆయన నా వైపు చూశాడు. నేను షారన్ పాదాల వైపు చూశాను. అప్పుడాయన ఆఫీసు బట్టలతోనే షాపు నేల మీద మోకాలు మోపి కూర్చుని, బూటు ముందు భాగాన్ని వేలితో తాకుతూ, "అలా కాదులే. ఎక్కడ తగులుతుందో అది చెప్పు. ఎన్ని జతలైనా చూద్దాం" అన్నాడు.

షారన్ కాసేపు అటూ ఇటూ నడిచింది. "ఎడమ కాలి చిటికెనవేలు నొక్కుతోంది" అంది.

ఆయన ఆ బూటు తనే విప్పి పక్కన పెట్టాడు. ఆ షాపులో ఇంకొన్ని జతలు చూశాక, అన్నిటికంటే సాదాగా ఉన్న ఒక నల్ల జత కుదిరింది. వాటిని ఎలా చూసుకోవాలో దారిలో చెప్పాను: ఆట కాగానే కృత్రిమ గడ్డిలోంచి అంటుకున్న రబ్బరు పలుకులు బ్రష్‌తో దులపాలి, తడిగుడ్డతో తుడవాలి, లోపలి పొర బయటికి తీసి, కాగితం కూరి, ఇంట్లో నీడనే ఆరనివ్వాలి. ప్రసాద్ విని, "ఇకపై ఆ పని తననే చేసుకోమంటానండి. నేను పక్కన కూర్చుంటాను" అన్నాడు.

షారన్ పెద్ద క్రీడాకారిణి ఏమీ కాలేదు. తర్వాతి సీజనంతా నొప్పి లేకుండా ఆడింది. నబీల్ కొన్నాళ్ళకు జట్టు మొత్తాన్ని నా గదికి పంపి అందరి బూట్లూ చూడమన్నాడు.

నేను పనిచేసినన్నాళ్ళూ అప్పటినుంచి ఒక పద్ధతి పాటించాను. బూట్లు సరిపోయాయా అని ఏ పిల్లనూ అడగలేదు. ఆ ప్రశ్నకు పిల్లలు తమ కాలిని బట్టి కాక, కొనిచ్చినవారి మొహాన్ని బట్టి జవాబు చెబుతారు. ఎక్కడ తగులుతోందని అడిగితే కాలిని బట్టి చెబుతారు.