ఓడినవాళ్ళు పోయాల్సిన నీళ్ళు

నాకిష్టమైన కథారచయిత సమాధి ఆలూరు దగ్గరి పల్లెలో ఉందని తెలిసి గుంటూరు నుంచి వెళ్ళాను. సమాధి పక్కన ఒక వేపమొక్క ఉంది. అక్కడికొచ్చిన అభిమానులు రచయిత గురించి ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కుంటారట. ఓడినవాళ్ళు మొక్కకు బిందెడు నీళ్ళు తెచ్చి పోయాలి. ఈ సంగతి చెప్పింది దేవదానం. ఆ పల్లె రైతు. నాలాగే ఆయనకూ ఆ కథలంటే ప్రాణం.

రచయిత పెళ్ళి ఏ చర్చిలో జరిగిందని దేవదానం అడిగాడు. చెప్పాను. మొదటి కథ ఏ ఊళ్ళో ఉండగా రాశాడని నేనడిగాను.

"డోన్‌లో."

"కాదు, వేంపల్లెలో," అన్నాను గర్వంగా.

దేవదానం బిందె పట్టుకుని బోరు దగ్గరికి పోయాడు. చాలాసేపటికి ఖాళీ బిందెతో తిరిగొచ్చాడు.

"బోరు ఎండిపోయిండాది సార్. నిన్నటిదాకా రవ్వంత వస్తాండె."

ఆయన బిందె పక్కన పెట్టి కూర్చున్నాడు.

"నేనింకోటి అడుగుతా. రేపు మా పల్లెంతా సుగ్గికి పోతాండాం, మీ గుంటూరు పక్క మిరపకాయలు కోసేకి. మేం వచ్చేదాకా ఈ చెట్టుకు నీళ్ళు ఎవరు పోస్తారప్పా?"

ఆ జవాబు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఓడిపోయాను. నా సీసాలో మిగిలిన నీళ్ళు మొక్క మొదట్లో వంచాను.

నేల తడిసినట్టు కూడా కనబడలేదు.